ఏసీఎల్ (మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు) ఆపరేషన్ తర్వాత తొడకు పట్టీ బిగించి చేసే వ్యాయామం ఇంట్లో చేయొచ్చా?

విజయవాడ సూర్యారావుపేటలో సర్జరీ చేయించుకుని, కాలికి రక్తప్రసారం కొంత తగ్గించి తక్కువ బరువుతో చేసే ఈ వ్యాయామాన్ని ఎలాస్టిక్ బ్యాండుతో ఇంట్లోనే చేద్దామనుకుంటున్నారు కదా, దయచేసి వద్దండి. అది ఎంత బిగిసిందో తెలియదు, పైగా సన్నటి పట్టీ నరాన్ని నొక్కేస్తుంది.

ఫిజియో వెడల్పాటి గాలి పట్టీని గజ్జల దగ్గరగా తొడకు కట్టి, కాలికి రక్తం పూర్తిగా ఆగే ఒత్తిడి ఎంతో డాప్లర్‌తో (శబ్ద తరంగాలతో రక్తప్రవాహాన్ని గుర్తించే పరికరం) చూస్తారు. అది 180 (పాదరసం మి.మీ.) వస్తే, 80 శాతం లెక్కన 144 దగ్గర పెడతారు. బరువు మాత్రం మీరు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20–30 శాతమే. కొత్త లిగమెంటు మీద భారం పడకుండా తొడ కండరం తగ్గిపోకుండా చూడటానికే ఇదంతా.

30, 15, 15, 15 చొప్పున నాలుగు సెట్లు, మధ్యలో 30 సెకన్ల విశ్రాంతి. తొడ మండటం మామూలే. పాదం తిమ్మిరెక్కినా, చల్లబడినా వెంటనే గాలి తీసేయాలి. గతంలో కాలి సిరలో రక్తం గడ్డకట్టినా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాల జబ్బు) ఉన్నా, బీపీ అదుపులో లేకపోయినా మొదలుపెట్టకముందే సర్జన్‌కు చెప్పండి.