శ్రీనగర్‌లో పొగ కక్కుతున్న మోటారు, కాకినాడలో మీ అబ్బాయి ఉద్యోగం

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు చదివి, కాకినాడలో బోటు ఇంజన్ల షెడ్డులో పనిచేస్తున్నాడు. వాడు పూర్తిగా విప్పి బాగుచేసిన, పడవ వెనక బిగించే పాత టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారును దాల్ సరస్సులో బోటు నడిపేవారు కొన్నారు. ఇక్కడ చక్కగా నడిచిన మోటారు అక్కడ నల్లపొగ కక్కుతోందని, లాగడం లేదని వారు ఫోన్ చేశారు. వాడు మనసు విరిగి పని మానేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: మానిపించకండి. మీరు రాసినదాన్ని బట్టి, సముద్రమట్టానికి సర్దిన కార్బ్యురేటర్‌ను (గాలిలో పెట్రోలు కలిపే భాగాన్ని) సుమారు 1,580 మీటర్ల ఎత్తున అలాగే వాడటమే కారణమై ఉంటుంది. అక్కడి గాలి సాంద్రత కాకినాడలో కంటే దాదాపు ఏడో వంతు తక్కువ. గాలి పలచబడినంతగా కార్బ్యురేటర్‌లోని జెట్టు, అంటే సన్నని రంధ్రం నుంచి వచ్చే పెట్రోలు తగ్గదు కనుక మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. మెకానిక్కులు దీన్నే ‘రిచ్’ అంటారు.

పరిష్కారం మీ అబ్బాయికి తెలిసిన పనిలోనే ఉంది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి), కార్బ్యురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోటు ఎత్తు సరిచూశాక, ఆ ఎత్తుకు మాన్యువల్‌లో సూచించిన చిన్న మెయిన్ జెట్టు వేసి, ఇంజన్ వేడెక్కిన తరువాత పడవను నీటిలో నడుపుతూ, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పటి మిశ్రమాన్ని సర్దే ఐడిల్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పాలి. ఈ స్క్రూ కొన్ని మోడళ్లలో పెట్రోలును, కొన్నింటిలో గాలిని అదుపు చేస్తుంది కాబట్టి అదేదో ముందే తెలుసుకోకపోతే జబ్బు ముదురుతుంది. ఇంత చేసినా తగ్గిన బలమంతా తిరిగి రాదు. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) అందకపోతే పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు తోసే దూరం, తక్కువ ఉన్న ప్రొపెల్లర్ వేయాలి. మోటారును మళ్లీ కిందికి తెస్తే పాత జెట్టు తప్పక బిగించాలని కొన్నవారికి రాసి ఇవ్వాలి. లేకుంటే మిశ్రమంలో పెట్రోలు చాలక, దానితో కలిసి వచ్చే ఆయిలూ తగ్గి, పిస్టన్ సిలిండర్‌లో పట్టేసే ప్రమాదం ఉంది.

ఇక భవిష్యత్తు మాట. కొత్త ఫోర్ స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉంది. గాలి పీడనాన్ని సెన్సరు కొలవగా, పెట్రోలును కంప్యూటరే సర్దుతుంది. అందుచేత కార్బ్యురేటర్‌నే నమ్ముకోమని నేను చెప్పను. అయితే జెట్టు మార్చి తేడా చూసినవాడికి ఆ సెన్సరు పని త్వరగా బోధపడుతుంది. విశాఖపట్నంలోనూ శాఖ ఉన్న కేంద్ర మత్స్య సంస్థ సిఫ్నెట్‌లో రెండేళ్ల మెరైన్ ఫిట్టర్ (పడవ ఇంజన్ల పని) కోర్సు ఉంది. పదో తరగతి చాలు గానీ వయోపరిమితి ఉంటుంది, నోటిఫికేషన్‌లో చూసుకోండి. వయసు దాటితే, ఐటీఐ అర్హతతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉందేమో విచారించండి. ఏదైనా సరే, షెడ్డు నుంచి అనుభవ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోవడం మంచిది.

ఈలోగా శ్రీనగర్ నుంచి స్పార్క్ ప్లగ్గు ఫొటో ఒకటి తెప్పించుకోమనండి. పొడి మసి పట్టి ఉంటే మన అనుమానం బలపడుతుంది. నూనె తడి ఉంటే మాత్రం పెట్రోలులో ఆయిలు ఎంత కలుపుతున్నారో ముందుగా అడగాలి.