పాలమూరులో వలస కూలీల వైద్యం కోసం రన్ పెట్టాలంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

అడిగింది: మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీల వైద్యం కోసం ఒక మారథాన్ పెట్టి డబ్బు పోగుచేద్దామనుకుంటున్నాం. ఇదే మొదటిసారి. ఎట్లా చెయ్యాలి?

మొదటిసారైతే పూర్తి మారథాన్, అంటే 42.195 కిలోమీటర్ల జోలికి పోకండి. చివరి మనిషి వచ్చేదాకా ఆరు గంటలకు పైనే రోడ్డు, వాలంటీర్లు, అంబులెన్సు నిలబెట్టాలి. పోగైన డబ్బు దానికే సరిపోతుంది. 10కె, 5కె (10, 5 కిలోమీటర్ల పరుగులు) పెట్టండి. పిల్లలమర్రి వైపు రోడ్డు బాగుంటుంది. జడ్చర్ల దగ్గర హైవే మీదికి మాత్రం రూటు తేవద్దు.

తేదీని కూలీల రాకపోకలను బట్టి పెట్టుకోవాలి. బలంగీర్, నువాపడా నుంచి వచ్చే కుటుంబాలు నవంబర్, డిసెంబర్‌లో బట్టీలకు చేరతాయి, వానలు పడే ముందు తిరిగిపోతాయి. రన్ డిసెంబర్ మొదట్లో అయితే డబ్బు వాళ్లిక్కడ ఉండగానే ఖర్చవుతుంది. ఫిబ్రవరి దాటితే ఎండకు ఎండ, ఆలస్యానికి ఆలస్యం. సంక్రాంతి వారం వద్దు, టౌను ఖాళీ అయితది.

డబ్బు విషయంలో ఒకటే కట్టుబాటు: టీషర్టు, మెడల్, టెంటు, మైకు ఖర్చంతా స్పాన్సర్లది, రిజిస్ట్రేషన్ ఫీజు, విరాళాలు పూర్తిగా వైద్యానికి. ఇది పోస్టరు మీదే రాయండి. ఎక్కువ రన్‌లు మునిగేది టీషర్టుల దగ్గరే. సైజులు అంచనా మీద తెప్పిస్తే మూటలు మిగులుతాయి. రిజిస్ట్రేషన్ మూసేశాకే ఆర్డరివ్వండి. క్యూఆర్ కోడ్ సొసైటీ ఖాతాదే ఉండాలి, ఎవరి సొంత ఫోన్‌పేదీ కాదు. విరాళమిచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ గుర్తింపు ఉన్న సంస్థ అయినా 2,000 రూపాయలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపుతామంటే ముందు పాస్‌పోర్టు సంగతి అడగండి. భారత పాస్‌పోర్టుంటే బ్యాంకు ద్వారా తీసుకోవచ్చు, అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టుకోవద్దు.

దూరం ఫోన్ జీపీఎస్‌తో కొలవకండి, మలుపుల దగ్గర తప్పు చూపిస్తుంది. స్టీలు టేపుతో 300 మీటర్లు కొలిచి, సైకిల్ చక్రం అందులో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఆ లెక్కతో రూటంతా తొక్కండి. 10 కిలోమీటర్లకు 10 మీటర్లు అదనంగా కలుపుకుంటే దూరం తగ్గిందన్న తగాదా రాదు.

10కెలో 300 మంది పరుగెడతారనుకుంటే నీళ్ల లెక్క: 2.5, 5, 7.5 కిలోమీటర్ల దగ్గర ఒక్కొక్కరికి 150 మి.లీ. గ్లాసులు రెండేసి, చివర్లో అర లీటరు. మొత్తం 420 లీటర్లు. పావు వంతు ఎక్కువేసుకుంటే 20 లీటర్ల క్యాన్లు 27. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లకే. ఎక్కువ మందికి రావాలని పలచన చెయ్యొద్దు. చలికాలమైనా వడదెబ్బ తగలొచ్చు. పరుగెత్తే మనిషి తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే నోట్లో నీళ్లు పొయ్యకండి. నీడలో పడుకోబెట్టి, ఒంటి నిండా చల్లనీళ్లు పోస్తూ, మెడకు, చంకలకు, గజ్జలకు ఐసు గుడ్డలు పెట్టండి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు చల్లబరచడం ఆపకూడదు.

ఇక అసలు పని. క్యాంపుకు టౌనుకు రమ్మంటే కూలీలు రారు. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క, ఒక పూట పోతే ఆ కూలి పోయినట్టే. మేస్త్రీతో మాట్లాడి, వాళ్లు తీరిగ్గా ఉండే పూట చూసుకుని, ఒడియా వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని బట్టీకే పోవాలి. బీకాంప్లెక్స్ గోలీలు పంచి ఫోటో దిగి వస్తే ఎవరికీ మేలు లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత తియ్యండి. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం, అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. గర్భిణులకు బీపీ, హిమోగ్లోబిన్ చూడండి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనత, 7 లోపైతే ఐరన్ గోలీలతో ఆగకుండా పెద్దాసుపత్రికి. రానుపోను ఆటో కిరాయి, ఆ రోజు పోయిన కూలి మీ నిధి నుంచే ఇవ్వండి. అది లేకనే చాలామంది ఆసుపత్రికి పోరు. పిల్లల టీకాలు, గర్భిణుల పరీక్షలు తల్లీబిడ్డ కార్డులో రాయించి, కార్డు వాళ్ల చేతికే ఇవ్వండి. ఊరికి పోయాక అక్కడి నర్సమ్మ అదే చూస్తుంది.

రెండు వారాలు దాటిన దగ్గుంటే తెమడ పరీక్ష తప్పనిసరి. మామూలు టీబీ మందులు ఆరు నెలలు వాడాలి. ఫిబ్రవరిలో మొదలుపెట్టిన మనిషి నడిమధ్యలోనే ఊరికి పోతాడు, మందు ఆగితే జబ్బు మొండికేస్తుంది. అందుకే నిక్షయ్ నంబరు (సర్కారు టీబీ రికార్డులో రోగికిచ్చే నంబరు) కాగితం మీద రాసి ఇచ్చి, పోయే ఊరు, బ్లాకు, ఫోన్ నంబరు రాసుకోండి. ఏప్రిల్ నెలాఖరుకల్లా ఆ జాబితా మన జిల్లా టీబీ ఆఫీసుకు చేర్చి, అక్కడి జిల్లాకు బదిలీ చేయించండి. మే వచ్చాక అడిగితే సగం మంది రైలెక్కి ఉంటారు.