ఊగే జాజిపందిరిని నిలబెట్టిన నాలుగు జతల ఏటవాలు కర్రలు

మీ ప్రశ్న చదవగానే మా అమ్మ పెంచుకున్న జాజిపందిరి కళ్ల ముందు కదిలింది. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, నాలుగు గుంజల చెక్క పందిరి చేత్తో నెడితే ఊగుతోందనీ, ఇంకో రెండు గుంజలు పాతిస్తే గట్టిపడుతుందా అనీ అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. మాదీ మీలాగే హనుమకొండే. మేము అలాగే పాతించాం. ఆ తర్వాత ఆరు గుంజలూ కలిసి ఊగాయి.

ముందు ఊపు ఎక్కడ పుడుతోందో చూడండి. ఒకరు పైదూలం దగ్గర నెడుతుంటే మీరు గుంజ మొదట్లో కూర్చోండి. మట్టికీ కర్రకూ మధ్య సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే లోపం పాదులో, అంటే గుంజ పాతిన గోతిలో ఉంది. మొదలు కదలకుండా, పైన గుంజా దూలమూ కలిసే మూల మాత్రం కత్తెరలా కదులుతుంటే లోపం అతుకులో ఉంది. మా పందిరికి రెండూ ఉన్నాయి.

అతుకు సంగతి నాకు నేర్పింది మా వీధిలోని పెద్దాయన, వయసు మీదపడిన వడ్రంగి. ఆయన పనిముట్లేవీ తీయలేదు. ఒక నైలాన్ తాడు అడిగి, ఒక గుంజ అడుగు నుంచి పక్క గుంజ తల వరకు ఏటవాలుగా బిగించి కట్టారు. "ఇప్పుడు నెట్టు బిడ్డా" అన్నారు. ఒక వైపు నెడితే పందిరి గోడలా నిలిచింది. రెండో వైపు నెడితే తాడు వదులై ఎప్పటిలాగే వాలింది. "తాడు లాగుడునే ఆపుతుంది, కర్ర లాగుడునూ తోపునూ ఆపుతుంది. ఇక్కడ కర్ర పెట్టించు" అన్నారు. మీరూ ఈరోజే ఇలా తాడు కట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. నాలుగు కర్రల చట్రం మూలలు ఎంత గట్టిగా మేకులు కొట్టినా పక్కకు వాలుతుంది. మూలకు అడ్డంగా ఒక కర్ర పడి త్రికోణమైతే, ఏదో ఒక కర్ర విరిగితేనో అతుకు ఊడితేనో తప్ప వాలదు.

మేము ప్రతి గుంజకూ రెండు దిక్కులా ఒక్కో ఏటవాలు కర్ర, మొత్తం ఎనిమిది వేయించాం. తర్వాత పాతిన రెండు గుంజలనూ పీకించేశాం. మూల నుంచి గుంజ మీద 2 అడుగులు కిందకు, దూలం మీద 2 అడుగులు పక్కకు కొలిచి గుర్తు పెట్టాం. ఆ రెండు గుర్తుల మధ్య దూరం 34 అంగుళాలు వస్తుంది. చివర్లకు కలిపి ఇంకో 6 అంగుళాలు వదిలి కోయించండి. బోల్టు రంధ్రం కర్ర చివరికి మరీ దగ్గరైతే అక్కడే చీలుతుంది. మందం 2 అంగుళాలు, వెడల్పు 3 అంగుళాలు చాలు. మేకులు వద్దు. మావి పచ్చి జామాయిల్ కర్రలు, ఎండేకొద్దీ ముడుచుకుపోయి మేకులు పట్టు వదిలాయి. 10 మిల్లీమీటర్ల బోల్టులు, రెండు వైపులా వెడల్పాటి వాషర్లు వేయించండి. ఒకే గుంజకు రెండు దిక్కుల నుంచి బోల్టులు వస్తాయి కాబట్టి ఒకదాన్ని 2 అంగుళాలు కిందకు జరపండి. లేకపోతే కర్ర లోపల రెండో రంధ్రం మొదటి బోల్టుకు తగులుతుంది. మాకు మొదటి మూలలో అదే జరిగింది.

బిగించే ముందు దారానికి గుండు కట్టి ప్రతి గుంజా నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకోవాలి. పైచట్రంలో ఎదురెదురు మూలల కొలతలు రెండూ సమానంగా రావాలి. వంకరగా ఉన్నప్పుడు బిగిస్తే ఆ వంకరే శాశ్వతమవుతుంది. ఇదంతా తీగ కోయకుండానే చేశాం, అమ్మ ఒక్క కొమ్మనూ ముట్టనివ్వలేదు.

ఇక పాదు. మా పెరడు నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది, ఏటా గుంజను అటూ ఇటూ తోస్తుంది. మొదట్లో గుంజ చుట్టూ సిమెంటు పోయించాం. కర్ర ఎండి ముడుచుకున్నాక సిమెంటుకూ కర్రకూ మధ్య సందులో నీళ్లు నిలిచాయి. మూడో వానాకాలానికి నేలమట్టం దగ్గర బొటనవేలి గోరు గుచ్చితే దిగిపోయింది. అందుకే ఆ గుంజలు మార్చేటప్పుడు ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గొయ్యి తీసి, అడుగున 6 అంగుళాలు కంకర పోసి, దాని మీద గుంజ నిలిపి మొరం నింపాం. ఒక్కసారిగా కాకుండా అరడుగు చొప్పున పోసి, కొద్దిగా తడిపి, దిమ్మిసతో కొట్టాలి. పైన మొరాన్ని నేలకన్నా ఎత్తుగా, బయటికి వాలుగా సర్దాలి, లేకపోతే నల్లమట్టిలో ఆ గొయ్యే నీటి తొట్టి అవుతుంది. మీది ఎర్రమట్టి అయితే ఈ బాధ చాలావరకు ఉండదు. కర్రను నేలకు తగలకుండా ఇనుప పాదం మీద నిలబెట్టినా మంచిదే. అయితే అప్పుడు భూమి పట్టు తగ్గి భారమంతా ఏటవాలు కర్రల మీదే పడుతుంది, అవి లేకుండా ఆ పని తలపెట్టకండి.

తీగ బరువునూ లెక్కలోకి తీసుకోండి. వినాయక చవితి నుంచి బతుకమ్మ దాకా గుబురు నిండుగా, తడిసి బరువుగా ఉంటుంది. నేల కూడా మెత్తగా ఉండేది అప్పుడే. ఏప్రిల్, మే గాలిదుమారాలకు ఆ గుబురు తెరచాపలా గాలిని పట్టేస్తుంది. అందుకే మేము చలికాలం చివర్లోనే పైకొమ్మలు పలచన చేస్తాం.

రోహిణి కార్తెలో, కర్ర బాగా ఎండి ఉన్నప్పుడు, అన్ని బోల్టులనూ పానాతో ఒకసారి బిగిస్తాను. మొదటి ఏడాది ఒక్కో నట్టు దాదాపు ఒక చుట్టు తిరిగింది, రెండో ఏడాది పావు చుట్టే. మీ గుంజలు 3 అంగుళాల కన్నా సన్నవైతే మాత్రం రంధ్రం చేయించకండి. చుట్టూ ఇనుప పట్టీ వేసి, ఏటవాలు కర్రను ఆ పట్టీకి బిగించమని వడ్రంగికి చెప్పండి.