మీ ప్రశ్నలు, మా జవాబులు: అమెరికన్ జాజ్ శాక్సఫోన్ కళాకారుడు హాంక్ మోబ్లీ హార్డ్ బాప్ (బ్లూస్, గాస్పెల్ ఊపున్న జాజ్) రికార్డులు, 1960–65

ప్రశ్న: మోబ్లీ ‘సోల్ స్టేషన్’ గొప్ప ఆల్బమ్ అని అందరూ అంటారు. చాలాసార్లు విన్నాను. హాయిగానే ఉంది గానీ, అంత గొప్పేమిటో అంతుబట్టలేదు. ఎక్కడ చెవి పెట్టాలి?

జవాబు: డ్రమ్స్ మీద. మోబ్లీ టెనర్ శాక్సఫోన్ ఒక్కదాన్నే పట్టుకుని వింటే ఆయన పనిలో సగమే వినబడుతుంది. అదే వాద్యం వాయించిన జాన్ కోల్ట్రేన్‌లా మీదికి ఉరికే నాదం కాదు, స్టాన్ గెట్జ్‌లా పలుచటి నాదమూ కాదు. గుండ్రంగా, మధ్యస్థంగా ఉంటుంది. విమర్శకుడు లెనార్డ్ ఫెదర్ ఆయన్ని టెనర్ శాక్సఫోన్ ‘మిడిల్‌వెయిట్ ఛాంపియన్’ (బాక్సింగ్‌లో మధ్య బరువు విభాగం విజేత) అన్నది ఇందుకే. దాన్ని రెండో శ్రేణి అన్నట్టుగా అర్థం చేసుకున్నవాళ్లే ఎక్కువ, పాపం. మోబ్లీ శ్రద్ధంతా స్వరాన్ని బీట్‌కి ఎంత ముందు, ఎంత వెనక దించాలన్న దాని మీదే. అందుకే వెనక డ్రమ్మర్ మారితే ఆయన వాయించే తీరే మారిపోతుంది.

ఈ ఆల్బమ్‌ని 1960 ఫిబ్రవరి 7న న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సౌండ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో బ్లూ నోట్ రికార్డు సంస్థ కోసం రికార్డు చేశారు. పియానో వింటన్ కెల్లీ, బేస్ పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. ట్రంపెట్ లేదు కాబట్టి మోబ్లీకి దాక్కునే చోటూ లేదు. మొదటి ట్రాక్ ‘రిమెంబర్’ తీసుకోండి. ఇర్వింగ్ బెర్లిన్ 1925లో మూడు బీట్ల వాల్ట్జ్‌గా రాసిన పాట ఇది, ఇక్కడ నాలుగు బీట్ల నడకలోకి వచ్చింది. ఒకసారి హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మాత్రమే వినండి, 2, 4 బీట్ల మీద మూసుకునే చప్పుడు. రెండోసారి ఆ చప్పుడుని పట్టుకునే మోబ్లీ వాక్యాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. బార్ (ఇక్కడ నాలుగు బీట్ల గుంపు) మొదట్లో మొదలయ్యేవి తక్కువ, 8 బార్ల గీత దగ్గర బుద్ధిగా ఆగేవి ఇంకా తక్కువ. మూడోసారి ఆ గీతల దగ్గర బ్లేకీ ఏం చేస్తున్నాడో వినండి. స్నేర్ డ్రమ్ మీద ప్రెస్ రోల్‌తో (పుల్లల్ని నొక్కిపట్టి తెచ్చే ఎడతెగని గరగరతో) సోలో వాయించేవాణ్ని తర్వాతి భాగంలోకి నెట్టడం ఆయనకి అలవాటు. మోబ్లీ ఆ నెట్టుడుని ఒక్కోసారి వాడుకుంటాడు, ఒక్కోసారి పట్టించుకోకుండా తన వాక్యం ముగించుకుని మరీ కదులుతాడు. ఆల్బమ్ అందమంతా ఈ బేరంలో ఉంది.

ఆ వెంటనే ‘వర్కౌట్’ (1961 మార్చి 26) వేయండి. కెల్లీ, ఛాంబర్స్ వాళ్లే, గిటార్ గ్రాంట్ గ్రీన్, డ్రమ్స్ ఫిలీ జో జోన్స్. ఇక్కడ డ్రమ్స్ నెట్టవు, మాటకి మాట అందిస్తాయి. మోబ్లీ వాక్యాలూ పొట్టివై పదునెక్కుతాయి. తర్వాత ‘డిప్పిన్’ (1965 జూన్ 18), డ్రమ్స్ బిల్లీ హిగ్గిన్స్. సింబల్ మీద ఆయన చెయ్యి చాలా తేలిక. మోబ్లీ నాదం అప్పటికి బాగా గరుకెక్కింది. ‘రెకాడో బోసా నోవా’లో ఆ గరుకుదనం, ఈ తేలికదనం రెండూ కలిసి వినబడతాయి.

ప్రశ్న: ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్’ ట్రాక్‌లో రెండు టెనర్ శాక్సఫోన్లున్నాయట. ఏది ఎవరిది?

జవాబు: ముందు వచ్చే టెనర్ సోలో మోబ్లీది, చివరికొచ్చేది కోల్ట్రేన్‌ది. 1961 మార్చిలో మోబ్లీ మైల్స్ బృందంలో సభ్యుడు, కోల్ట్రేన్ అతిథిగా వచ్చాడు. క్రమం మరిచిపోయినా చెవి చెబుతుంది. స్వరాలు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ పొరలుగా వస్తే కోల్ట్రేన్, మధ్యలో గాలి ఆడేలా విడివిడి వాక్యాలుగా వస్తే మోబ్లీ. ఈ పక్కపక్క పోలికే మోబ్లీకి చాలా చేటు చేసింది. ‘వర్కౌట్’ ఈ సెషన్లు అయిన వారంలోపే రికార్డయిందని గుర్తుంచుకుంటే ఆయన ఏ ఊపులో ఉన్నాడో తెలుస్తుంది.

ప్రశ్న: ‘నో రూమ్ ఫర్ స్క్వేర్స్’ వింటుంటే ట్రాక్‌కీ ట్రాక్‌కీ ట్రంపెట్, పియానో మారినట్టనిపిస్తోంది. నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. రెండు సెషన్లని కలిపి కట్టిన ఆల్బమ్ అది. 1963 మార్చి 7న డోనల్డ్ బర్డ్ ట్రంపెట్, హెర్బీ హాంకాక్ పియానో, బుచ్ వారెన్ బేస్. అక్టోబర్ 2న లీ మోర్గన్, ఆండ్రూ హిల్, జాన్ ఓర్. రెండింటికీ డ్రమ్స్ ఫిలీ జోనే, అందుకే అతుకు వెంటనే తెలియదు. మొదటి ఎల్పీలో ‘అప్ ఎ స్టెప్’, ‘ఓల్డ్ వరల్డ్, న్యూ ఇంపోర్ట్స్’ మార్చివి, మిగతా నాలుగూ అక్టోబర్‌వి. మార్చి సెషన్‌లోవే మరో రెండు, ‘ఈస్ట్ ఆఫ్ ది విలేజ్’, ‘ది గుడ్ లైఫ్’, ‘ది టర్నరౌండ్’ ఆల్బమ్‌లోకి వెళ్లాయి. అందులో మిగతావి 1965 ఫిబ్రవరి 5న ఫ్రెడ్డీ హబ్బర్డ్, బారీ హారిస్, ఛాంబర్స్, హిగ్గిన్స్‌లతో వాయించినవి. సీడీల్లో ట్రాకుల కూర్పు మార్చిన ఎడిషన్లున్నాయి. అట్ట మీద పేరు కాదు, తేదీ వారీగా ట్రాకులు పేర్చుకుని వినండి. మార్చి సెషన్ మొత్తం ఒక్క బిగిన విన్నప్పుడే హాంకాక్ ఏం చేశాడో అర్థమవుతుంది.

ప్రశ్న: టెనర్ నేర్చుకుంటున్నాను. ‘సోల్ స్టేషన్’లోని ‘దిస్ ఐ డిగ్ ఆఫ్ యు’లో మోబ్లీ సోలో రాసుకుని సాధన చేస్తున్నాను. స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి, కానీ బిగుసుకుపోయినట్టుంది. ఎందుకు?

జవాబు: మీరు కాగితం నుంచి నేర్చుకుని, నెమ్మదిగా మెట్రోనోమ్‌తో మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోయి ఉంటారు. తప్పు అక్కడే పుడుతుంది. నిదాన వేగంలో స్వింగ్ ఎనిమిదో వంతు స్వరాలు (బీట్‌కి రెండు చొప్పున పడేవి) సహజంగానే పొడుగు-పొట్టిగా, దాదాపు 2:1 నిష్పత్తిలో పడతాయి. వేగం పెరిగేకొద్దీ అవి సమానానికి దగ్గరవ్వాలి. నిదానంలో చేతికి అలవాటైన కుంటి నడకే వేగంలోకీ వస్తే వినడానికి బిగుసుకున్నట్టుంటుంది. కాబట్టి మెట్రోనోమ్ పక్కన పెట్టి, రికార్డింగ్‌నే శ్రుతి మారకుండా 60 శాతానికి తగ్గించండి. తగ్గించినా నిష్పత్తి మోబ్లీదే ఉంటుంది. దాన్ని అనుకరించండి.

ముందు 4 బార్లు నోటితో పాడండి. రికార్డింగ్ ఆపేసి కూడా పాడగలిగాకే వాద్యం ఎత్తండి. తర్వాత నాలుక. ప్రతి స్వరానికీ నాలుక తగిలిస్తే మెషీన్‌గన్‌లా ఉంటుంది, అసలు తగిలించకపోతే జావలా జారిపోతుంది. బీట్ల మధ్య పడే స్వరానికి నాలుక తగిలించి, దాన్ని తర్వాతి బీట్ మీది స్వరంలోకి జార్చండి. ‘త’ అని కొట్టకండి, ‘ద’ అన్నంత తేలికగా రీడ్ కొసని తాకితే చాలు. కొన్ని స్వరాలు వేళ్లలో ఉంటాయి గానీ గాలిలో ఉండవు, అంటే మింగేసిన స్వరాలు. మీ కాగితంలో వాటికి మామూలు గుర్తులే ఉంటే చెరిపి ‘x’ పెట్టుకోండి, లేకపోతే అన్నీ ఒకే బరువుతో పలుకుతాయి. ఊపిరి తీసుకునే చోట్లు రికార్డింగ్‌లో వినిపించినచోటే పెట్టుకోండి. బార్ గీత దగ్గర ఊపిరి తీసుకుంటే మోబ్లీ వాక్యం రెండు ముక్కలవుతుంది.

వేగాన్ని 5 శాతం చొప్పున పెంచండి. 80 శాతం దాటాక మెట్రోనోమ్ తెచ్చుకోవచ్చు, 2, 4 బీట్ల మీద మాత్రమే మోగేలా. అప్పుడు మీరు బీట్‌కి ముందుకి తోసుకుపోతున్నారా అన్నది ఇట్టే తేలిపోతుంది. సాధారణంగా తోసుకుపోతూనే ఉంటారు.

ఇంకొక్క మాట. ఈ పాట కచేరీ శ్రుతిలో (అంటే పియానో శ్రుతిలో) బి-ఫ్లాట్ మేజర్, అంటే టెనర్ కాగితం మీద సి మేజర్. పియానో కోసం రాసిన ‘కార్డ్’ల (కలిపి మోగించే స్వరాల) షీట్ చూసి వాయిస్తుంటే అన్నీ ఒక పూర్తి స్వరం పైకి మార్చుకోవాలి. మోబ్లీ కంటే ముందు సోలో వాయించే కెల్లీని దాటవేయకండి. తర్వాత ఎత్తుకునే మోబ్లీకి ఆ ఊపు అక్కడినుంచే అందింది.

ప్రశ్న: నా దగ్గర ‘నో రూమ్ ఫర్ స్క్వేర్స్’ మోనో ఎల్పీ, నంబరు 4149 ఉంది. లేబుల్ మీద ‘న్యూయార్క్ యూఎస్ఏ’ అనీ, లోపలి ఖాళీ వలయంలో ‘వాన్ గెల్డర్’ ముద్రా ఉన్నాయి. కానీ చెవి గుర్తు లేదు. మొదటి ముద్రణేనా?

జవాబు: కాదు. మీరు చెవి అంటున్నది ప్లాస్టిలైట్ అనే కర్మాగారం వేసే ‘పి’ అక్షరం. బ్లూ నోట్‌ని లిబర్టీ సంస్థ కొన్నాక 1966లో ముద్రణ ఆ కర్మాగారం నుంచి తప్పింది. మిగిలిపోయిన పాత లేబుళ్లనే కొంతకాలం అతికించారు. అందుకే లేబుల్ చూసి తేదీ కట్టడం ప్రమాదం. అయితే వాన్ గెల్డర్ ముద్ర ఉందంటే గాడి కోసింది ఆయనే, కాబట్టి వినడానికి మీరు పెద్దగా పోగొట్టుకున్నదేమీ లేదు. ధర మాత్రం మొదటి ముద్రణ ధర ఇవ్వకండి.

మోనో రికార్డుని స్టీరియో కార్ట్రిడ్జ్‌తో (సూదిని పట్టుకునే భాగంతో) వాయిస్తే ఆంప్లిఫయర్‌లో మోనో స్విచ్ నొక్కండి. మోనోలో సంగీతమంతా సూది పక్కలకి కదిలే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదలిక వల్ల వచ్చేది చప్పుడే, స్విచ్ నొక్కితే అది చాలావరకు రద్దవుతుంది. 84149 అని ఉంటే అది స్టీరియో. దాన్ని నిలువుగా కదలని పాత మోనో కార్ట్రిడ్జ్‌తో వాయించొద్దు, గాడి పాడవుతుంది.

ప్రశ్న: ‘అనదర్ వర్కౌట్’ అంటే ‘వర్కౌట్’లో మిగిలిపోయిన ట్రాకులేనా?

జవాబు: ఒక్కటే, ‘త్రీ కాయిన్స్ ఇన్ ది ఫౌంటెన్’. తక్కినవి 1961 డిసెంబర్ 5న కెల్లీ, ఛాంబర్స్, ఫిలీ జోలతో గిటార్ లేకుండా చేసినవి. ఎందుకో బ్లూ నోట్ పెట్టెలోనే ఉంచేసి 1985లో బయటపెట్టింది. ‘వర్కౌట్’ సీడీల్లో ఆ ఒక్క ట్రాక్‌ని అదనంగా చేర్చినవి ఉన్నాయి. రెండూ కొనేటప్పుడు వెనక అట్ట చూసుకోండి.