బెయిలబుల్ కేసే కదా అని వాయిదాలు ఎగ్గొడితే

సోంపేట వైపు నుంచి ఒకరు అడిగారు: "2022లో పొలం గట్టు తగాదాలో మా తమ్ముడి మీద ఐపీసీ 341 (దారికి అడ్డుపడటం), 323 (కొట్టి గాయపరచడం) సెక్షన్ల కింద కేసు పెట్టారు. మా మావయ్య జామీను ఉంటే బెయిల్ వచ్చింది. తర్వాత ఊళ్ళో పెద్దమనుషులు రాజీ చేశారు, వాడు చెన్నై బిల్డింగ్ పనులకు వెళ్ళిపోయాడు. నాలుగు వాయిదాలకు రాలేదు, ఇప్పుడు నాన్ బెయిలబుల్ వారెంటు ఉందంటున్నారు. బెయిలబుల్ కేసే కాబట్టి మళ్ళీ బెయిల్ ఇవ్వాల్సిందే కదండీ?"

ఇవ్వాల్సిందేం లేదండీ. బెయిలబుల్ కేసులో మొదటిసారి బెయిల్ మీ తమ్ముడి హక్కే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 436 సెక్షన్ చెప్పేది అదే. కానీ ఆ సెక్షన్‌లోనే రెండో ముక్క ఒకటి ఉంది, 436(2) అని, అది ఎవరికీ పట్టదు. బెయిల్ బాండులో ఒప్పుకున్న తేదీకి రాకపోతే, తర్వాత అదే కేసులో పోలీసులు పట్టుకొచ్చినా తనంతట తాను వచ్చినా కోర్టు బెయిల్ కాదనవచ్చు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 478(2) కూడా ఇదే చెబుతుంది. మీది 2024 జూలై 1 కంటే ముందే నడుస్తున్న కేసు కాబట్టి పాత సీఆర్‌పీసీనే వర్తిస్తుంది.

కాదనవచ్చు అన్నారు గానీ కాదనాలి అనలేదు, అక్కడే మీకు చోటుంది. ఒక వాయిదా తప్పి మర్నాడే పరిగెత్తుకొచ్చిన మనిషినీ, నాలుగు వాయిదాలు ఎగ్గొట్టి పోలీసులకు దొరికిన మనిషినీ మేజిస్ట్రేటు ఒకేలా చూడరు. "మేస్త్రీ సెలవివ్వలేదు" అంటే వినరు, ఆసుపత్రి కాగితాలుంటే వింటారు. అలాగని మెడికల్ సర్టిఫికెట్ కొనుక్కు రావద్దు, అది బయటపడితే ఇంకో కేసు.

వారెంటు దానంతటదే పాతబడి పోదు. కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా బతికే ఉంటుంది. కాబట్టి ముందు తమ్ముణ్ణి రైలెక్కించండి. లాయరుతో రీకాల్ పిటిషన్ (వారెంటు రద్దు చేయమని కోరేది) వేయించి, అదే రోజు అతను కోర్టులో నిలబడాలి, మనిషి లేకుండా ఒట్టి పిటిషన్ వేస్తే పని జరగడం కష్టం. ఒకవేళ కాదని రిమాండ్ చేస్తే శ్రీకాకుళం జిల్లా (సెషన్స్) కోర్టులో సీఆర్‌పీసీ 439 సెక్షన్ కింద బెయిల్ అడగొచ్చు.

పాపం మీ మావయ్య సంగతి కూడా చూడండి. బాండు జప్తయితే ఆ డబ్బు ఎందుకు కట్టకూడదో చెప్పమని ఆయనకు నోటీసు వస్తుంది. సరైన కారణం లేకుండానే రాలేదని కోర్టు అనుకుంటే ఇక సొంత బాండు ఒక్కటే సరిపోదు, కొత్త జామీనుదారులు కావాలి, ఈసారి ఎవరు ముందుకొస్తారో మరి.

రాజీ విషయానికొస్తే, పెద్దమనుషుల కాగితంతో కోర్టులో కేసు మూతపడదు. 341, 323 రెండూ రాజీ చేసుకోదగ్గవే, కోర్టు అనుమతి కూడా అక్కర్లేదు, కానీ దెబ్బలు తిన్న మనిషి వచ్చి రాజీపడ్డానని కోర్టులో చెప్పాలి. 2022లోనే ఆ పని చేసుంటే ఈ వారెంటే లేదు. ఇప్పుడైనా వాళ్ళని ఒప్పించి, వారెంటు రీకాలయ్యాక వచ్చే వాయిదాకో లోక్ అదాలత్‌కో తీసుకెళ్ళండి.

వారెంటు రీకాలయ్యాక, రాజీ పూర్తయ్యేదాకా తమ్ముడు చెన్నైలోనే ఉండాల్సొస్తే, రాలేని ప్రతి వాయిదాకూ లాయరు చేత ఆ ఉదయమే 317 పిటిషన్ (ఆ రోజు హాజరు మినహాయించమని కోరేది) వేయించండి. మన తీరం నుంచి గుజరాత్‌లోని వీరావల్‌కు చేపల వేట బోట్ల మీదికి వెళ్ళే వాళ్ళకీ ఇదే చెబుతుంటాను. వాయిదా తేదీ లాయరుకే కాదు, ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చెప్పి వెళ్ళమంటాను, ఎందుకంటే క్యాలెండర్ మీద గుర్తు పెట్టేది వాళ్ళే.