ఏఎంఈ చదువుతానన్న మేనల్లుడికి

అల్లుడూ, ఆశీస్సులు.

ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్, చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంటర్ ఎంపీసీ కాబట్టి అర్హతకు ఢోకా లేదు. దీన్ని ఏరోనాటికల్ బీటెక్‌తో కలిపేసి చూడకు. బీటెక్ పట్టా చూపిస్తే విమానం ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టనివ్వరు, దానికి దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చే లైసెన్సు ఉండాలి. కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్టుతో కూడా ఆ పని జరగదు. అందుకే ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి కార్-147 అనుమతి (ఈ శిక్షణ ఇవ్వడానికి డీజీసీఏ ఇచ్చేది) ఉందా, ఏ కేటగిరీకి ఉంది, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి డీజీసీఏ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో. హాస్టల్ సంగతి తర్వాత. వైర్ల రంగులు సరిగ్గా పోల్చుకోగలవో లేదో కంటి డాక్టరుకు ఇప్పుడే చూపించుకో.

లైసెన్సు కేటగిరీల్లో బీ1.1 తీసుకుంటే టర్బైన్ విమానాల ఇంజిన్లు, ల్యాండింగ్ గేర్, హైడ్రాలిక్స్. బీ2 అయితే ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ పరికరాలు. మల్టీమీటరు చేతికిస్తే అన్నం కూడా మరిచిపోతావు, బీ2 నీకు నప్పుతుందనుకుంటున్నాను. లైసెన్సు పరీక్షలో ఒక్కో మాడ్యూల్‌లో, అంటే ఒక్కో పేపర్లో, నూటికి 75 రావాలి. బిట్లు బట్టీపట్టి గట్టెక్కేవాళ్లున్నారు గానీ, హ్యాంగర్‌లో (విమానాలు బాగుచేసే షెడ్డులో) మాన్యువల్ తెరిచిన రోజున వాళ్ల బండారం బయటపడుతుంది.

కుర్రాళ్లు తేలిగ్గా వదిలేసేది తొమ్మిదో మాడ్యూల్, హ్యూమన్ ఫ్యాక్టర్స్, అంటే పనిలో మనుషులు చేసే పొరపాట్ల సంగతి. అదెందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. 1990లో బర్మింగ్‌హామ్‌లో రాత్రి షిఫ్టులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి కాక్‌పిట్ అద్దం మార్చారు. పాత బోల్టును పక్కన పెట్టుకుని, కంటి అంచనాతోనే కొత్తవి ఏరారు. మొత్తం 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి. తేడా అంగుళంలో 0.026 వంతు. విమానం 17 వేల అడుగులు దాటాక అద్దం ఊడిపోయి, కెప్టెన్ సగం బయటికి లాగబడ్డాడు. లోపలున్నవాళ్లు పట్టుకుని ఉండటంతో బతికాడు. ఆ పని చేసినవాడు కొత్తవాడేమీ కాదు, షిఫ్టు మేనేజరే! అనుభవం ముదిరేకొద్దీ పార్ట్ నంబరు చూడటానికి బద్ధకం వస్తుంది, నువ్వు మాత్రం చూడు. బోల్టు ఎంత బిగించాలో కొలిచే టార్క్ రెంచ్ కాలిబ్రేషన్ తేదీ (దాని కొలత సరిచూసిన తేదీ) కూడా చూడు. పని ముగిశాక పనిముట్లు లెక్కపెట్టు.

శిక్షణలో చేసిన ప్రతి పనీ ఆరోజే లాగ్‌బుక్‌లో రాసి, అక్కడే సంతకం పెట్టించుకో. లైసెన్సు అప్లికేషన్‌లో నీ అనుభవానికి సాక్ష్యం అదే. లైసెన్సు చేతికొచ్చాక కూడా ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానాన్ని ఎగరడానికి రిలీజ్ చేయాలంటే దాని టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికి విడిగా తెచ్చుకునే అర్హత, కావాలి. అందాకా జీతం గురించి పెద్ద ఆశలు పెట్టుకోకు. శంషాబాద్‌లోనే జీఎంఆర్ వాళ్ల విమాన మరమ్మతు హ్యాంగర్లున్నాయి, తర్వాత ఇంటికి దగ్గర్లో పని దొరికినా దొరకొచ్చు.

పగలంతా ఎగిరే విమానాలు చేతికొచ్చేది రాత్రిళ్లే. నైట్ షిఫ్టుల సంగతి అమ్మకు ఇప్పుడే చెప్పు, నేనైతే ఇంకా చెప్పలేదు.

మీ మావయ్య