మీ ప్రశ్న, మా జవాబు: ఇంటి బీరు బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: ఉండేది ఆస్టిన్‌లో. ఐదేళ్లుగా సరదాగా ఇంట్లో బీరు తయారుచేస్తున్నాను. తాగిన స్నేహితులందరూ ‘అమ్మితే ఎగబడి కొంటారు’ అంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి దీన్నే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. గ్రీన్‌కార్డు ఉంది, వీసా చిక్కు లేదు. ఇద్దరు పిల్లలు. వదిలేయమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దండీ. పదకొండేళ్లుగా పోర్ట్‌లాండ్‌లో ఒక చిన్న బ్రూవరీలో పనిచేస్తున్నాను. నేను కూడా వంటింటి పొయ్యి దగ్గరే మొదలుపెట్టినవాణ్ని కాబట్టి మీ తహతహ నాకు తెలుసు.

ముందుగా ఒక మాట. ఇంట్లో కాచిన బీరు ఒక్క సీసా కూడా అమ్మకండి. 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా అనుమతించింది. అది సొంత వాడకానికే. అమ్మాలంటే కేంద్రం, రాష్ట్రం రెండింటి లైసెన్సులూ కావాలి.

మా బ్రూవరీలో ఒక విడత 7 బ్యారెళ్లు, అంటే 217 గ్యాలన్లు. తెల్లవారకముందే 25 కిలోల మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) బస్తాలు ఎనిమిది మోస్తాం. తీపి రసం దించేశాక, పొగలు కక్కుతున్న పిప్పిని పారతో తోడి డబ్బాలకు ఎత్తుతాం. దాన్ని ఆవుల కోసం ఒక రైతు ట్రక్కులో వచ్చి తీసుకువెళతాడు. తెనాలి దగ్గర గేదెల కొట్టం పక్కన పెరిగినవాణ్ని, ఆ వాసనకు నాకు ప్రాణం లేచివస్తుంది. మిగతా రోజంతా కడుగుడే. కాస్టిక్ సోడా, నీళ్లు, ఆమ్లం. మొదట్లో జీతం మీ ఇప్పటి జీతంలో చిన్న భాగమే.

చేరిన రెండో ఏడు తొందరపడి ఒక ట్యాంకును ముందే చల్లబరిచాను. గ్లాసులో పోసి చూస్తే వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన. ఆ వాసన తెచ్చే పదార్థాన్ని డయాసిటైల్ అంటారు. పులియడం చివర్లో ఇంకో రెండు రోజులు వెచ్చగా ఉంచితే ఈస్టే దాన్ని తినేసేది. ట్యాంకు మొత్తం కాలవలోకి వదిలాం. ఆ రోజు నుంచి చల్లబరిచే ముందు ప్రతిసారీ ఒక గ్లాసు బీరు మూతపెట్టి, 60 డిగ్రీల వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి ఆ వెన్న వాసన వస్తోందేమో చూస్తాను. మీరూ ఈ అలవాటు చేసుకోండి.

కెన్ గ్రాస్‌మన్ కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో 1976లో ఇంటి బీరు సరంజామా కొట్టు పెట్టారు. పాత డెయిరీ సామగ్రితో సియెరా నెవాడా బ్రూవరీ కట్టుకుని 1980లో కాచడం మొదలుపెట్టారు. పేల్ ఏల్ అనే తమ బీరు ప్రతిసారీ ఒకేలా వచ్చేదాకా ఎన్నో విడతలు పారబోశారు. కొత్త రుచి పుట్టించడం మన సరదా. నిన్నటి రుచినే ఇవాళ మళ్లీ తేవడం ఈ వృత్తి.

ఉద్యోగం చేస్తూనే దగ్గరలోని బ్రూవరీలో వారాంతాల్లో కెగ్‌లు (బీరు నింపే పీపాలు) కడిగే పని అడగండి. ఆరు నెలల తర్వాతా ఇష్టం తగ్గకపోతే సీబెల్ అనే బీరు తయారీ బడిలోనో, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనో కోర్సు చూడండి. ఈలోగా మీ బీర్లలో ఒక్కటి ఎంచుకుని, అదే పదిసార్లు కాయండి. మెచ్చుకున్న ఆ స్నేహితులకే మూడేసి గ్లాసులు ఇవ్వండి. రెండింటిలో ఒక విడతది, మూడోదానిలో ఇంకో విడతది పోసి, వేరేది ఏదో కనిపెట్టమనండి. వాళ్లు కనిపెట్టలేకపోయిన రోజున నాకు మళ్లీ రాయండి.